సున్నం కొట్టిన అడవి

హరితపురానికి మూడు వైపులా నది ఉంది, కాబట్టి ఆ మూడు వైపులా ఏ బెంగా లేదు. తలనొప్పంతా ఉత్తరపు హద్దుతోనే. అటువైపు కొండమీద కరాళుడనే రాక్షసుడు పగలల్లా నిద్రపోయి, పొద్దు వాలాక లేచి హద్దుకేసి చూస్తూ ఉండేవాడు. గోడ గానీ గట్టు గానీ, మనిషి చేతి పని ఏది కనబడినా దిగివచ్చి పీకి పారేసేవాడు. ఆ సమయంలో వాడి చూపు ఎవరిమీద పడితే వాళ్లు రాయి అయిపోయేవారు. రాజుగారి తోటమాలి సోమన్న పెద్దకూతురు కేతకి అలాగే, హద్దు దగ్గర పాదు తవ్వుతూ వంగినది వంగినట్టే రాయి అయిపోయింది.

చెల్లెలు వకుళకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. "రాజుగారు మళ్లీ గోడ కట్టిస్తారట! వాడు మళ్లీ పీకేస్తాడు. అక్క అలా వంగే ఉంటుంది. ఇంతేనా నాన్నా మనకు చేతనైంది?" అని తండ్రి మీద అరిచి, అటుకుల మూట కట్టుకుని అడవిలోకి నడిచింది.

ముళ్లకంపలు దాటి, వాగు ఈది, చివరికి ఒక గుహలో ఉన్న మునిని పట్టుకుంది. అక్కను బతికించమని కాళ్ల మీద పడితే ఆయన ఒక్క కన్ను మాత్రం తెరిచాడు.

"మళ్లీ మనుషులేనా! సరే, విను. మనిషి నాటిన దాన్ని చూసి కరాళుడు ఏనాడు అడవే అని నమ్ముతాడో, ఆనాడు వాడి చూపుకున్న శక్తి చస్తుంది. రాళ్లు మనుషులవుతాయి. ఈ కమండలం పట్టుకుపో. ఇందులోని నీళ్లు చల్లితే గింజైనా మొక్కైనా ఒక్క పూటలో చెట్టవుతుంది. ఇక వెళ్లు."

"ఎలా నాటాలి స్వామీ?"

"నేను మునినమ్మా, తోటమాలిని కాను!" అని ఆయన కన్ను మూసేసుకున్నాడు.

వకుళ తిరిగి వచ్చి, తండ్రి నేర్పినట్టే తాడు కట్టి, తాడు వెంట సరుగుడు మొక్కలు నాటి నీళ్లు చల్లింది. సాయంత్రానికి పచ్చటి దడి లేచింది. కరాళుడు వచ్చి తొడ చరిచి నవ్వాడు. "ఇంత తిన్నగా ఏ అడవి నిలబడుతుందే, పిచ్చిదానా!" అని అన్నిటినీ పీకేశాడు. వకుళ గోతిలో దాక్కుని బతికింది.

ఈసారి ఒక కానుగ, ఒక నేరేడు, మళ్లీ ఒక కానుగ, ఒక నేరేడు చొప్పున నాటింది. "ఒకటి ఇది, ఒకటి అది! అడవి పెంచావా, దండ గుచ్చావా?" అని వాడు వాటినీ పీకేశాడు. వకుళ పార విసిరికొట్టి, అడవిలోకి పోయి, ఒక బండమీద కూర్చుని గొంతు చించుకుని అరిచింది.

"ఎవరే ఆ గోల? నిద్రపోనివ్వవా?" అంటూ పొదలోంచి ముసలి ఎలుగుబంటి లేచింది.

"అడవి ఎలా నాటాలో చెప్పు. చెప్పేదాకా అరుస్తాను!"

"మేమెందుకు నాటుతాం? పండు తింటాం, గింజ ఎక్కడ పడితే అక్కడ మొలుస్తుంది. కావాలంటే నా వెంట వచ్చి చూసుకో. నోరు మాత్రం మూసుకో."

వకుళ దాని వెనకే తిరిగింది. నాలుగు నేరేళ్లు ఒకచోట ఇరుక్కుని ఉన్నాయి, ఆ పక్కన బోలెడు ఖాళీ. అడవి అంచున బలుసు, తంగేడు పొదలు, వాటి వెనక కానుగలు, వాటిపైన వెదుళ్లు. ఎండిపోయిన చెట్టును ఎవరూ కొట్టలేదు, దానిమీద తిప్పతీగ పాకింది. అంచు ఒకచోట లోపలికి వంగింది, ఒకచోట ముందుకు వచ్చింది. ఇంతకాలం అడవి పక్కనే ఉండి ఇదేదీ చూడలేదే అని ఆమెకు తనమీద తనకే చిరాకేసింది.

మర్నాడు ఆమె తాడు ముట్టుకోలేదు. గింజలు గుప్పిటతో విసిరి, పడినచోటే పాతింది. ముందు పొదల గింజలు, వెనక చెట్లవి వేసి, మధ్యలో ఒక ఎండుమాను నిలబెట్టి, కమండలం నీళ్లు చల్లింది. మధ్యాహ్నానికి హద్దు ఏదో, అడవి ఏదో ఆమెకే తెలియలేదు. సంతోషంగా ఇంటికి పోయి, నాలుగు ముద్దలు తిని, ఒక కునుకు తీసి వచ్చేసరికి, రామ రామ! ఊరంతా అక్కడే ఉంది. చెట్లకింద నున్నగా ఊడ్చేశారు. ప్రతి మానుకీ మొదట్లో సున్నం పట్టీ, దానిమీద ఎర్రటి జేగురు పట్టీ!

"చెద పట్టకుండా కొట్టించాను తల్లీ. చూడు, ఎంత కళగా ఉందో!" అన్నాడు సోమన్న మురిసిపోతూ.

"నాన్నా! నా కొంప ముంచావు నాన్నా!" అని వకుళ తల బాదుకుంది. "బురద తెండి! ఊడ్చిన చెత్తంతా మళ్లీ పోయండి!"

"శుభ్రంగా ఉన్నచోట చెత్త పోయడమేమిటే?" అని ముక్కు విరిచింది ఒకావిడ.

"అక్క బతకాలంటే పోయాలి! పొయ్యండి!"

కొండమీద నుంచి అడుగుల చప్పుడు వినబడింది. అందరూ పరుగులు పెట్టి మానులకు బురద పులిమి, ఆకులు వెదజల్లి, పొదల వెనక నక్కారు. ఒక్క కానుగకు జేగురు మీదే బురద పడింది, సున్నం మిగిలిపోయింది. దాని మొదలు తెల్లగా మెరుస్తూనే ఉంది.

కరాళుడు వచ్చాడు. అటు చూశాడు, ఇటు చూశాడు, బుర్ర గోక్కున్నాడు. ఆ తెల్లటి మాను దగ్గర ఆగి వంగాడు.

"ఛీ ఛీ! ఈ దిక్కుమాలిన కొంగలు నా అడవంతా రెట్టలు వేసి పాడుచేశాయి!" అన్నాడు వాడు.

నా అడవి! ఆ మాట అన్నాడో లేదో వాడి కళ్లలోని ఎర్రదనం దీపం ఆర్పినట్టు పోయింది. పొదల వెనక నుంచి తలలెత్తిన మనుషులను చూసినా ఒక్కరూ రాయి కాలేదు. వాడు హడలిపోయి, తడబడుతూ కొండ దాటి పారిపోయాడు.

పాదు దగ్గర కేతకి నడుం పట్టుకుని లేచింది. చుట్టూ చూసి ముఖం చిట్లించింది. "ఇదేమిటే వకుళా, ఈ చెత్తంతా ఎవరు పోశారు? చీపురేదీ?"

ఇన్నాళ్లూ రాని ఏడుపు వకుళకు అప్పుడు ముంచుకొచ్చింది. "చీపురు ముట్టుకున్నావంటే చంపేస్తాను అక్కా!" అని ఏడుస్తూ ఆమెను గట్టిగా కావలించుకుంది.

రాజు ఉత్తరపు హద్దంతటికీ వకుళనే ఏలికను చేశాడు. ఆమె మొదటి ఆజ్ఞ విని ఊరు ఊరంతా గొణిగింది, కానీ ఆ హద్దులో ఇక ఎవరూ చీపురూ పట్టలేదు, సున్నమూ కొట్టలేదు.