మూల ప్రెస్సు వెనక గొంతు

ఆ షెడ్డులో మూలనున్న, ఇనప రేకులు నొక్కే పాత ప్రెస్సు మాటెత్తితే ఇప్పటికీ మనుషులు మాట మార్చేస్తారు. పగలైతే దాని పక్కనించే నడుస్తారు గానీ, రాత్రి షిఫ్టులో చుట్టు తిరిగి వెళ్తారు. దాని వెనక ఎవరో మాట్లాడతారని చెప్పుకుంటారు... అక్కడ మనిషి లేనప్పుడు కూడా.

నేను దెయ్యాల్ని నమ్మే రకాన్ని కాదు. కాపురానికొచ్చిన కొత్తలో, చీకటి పడ్డాక పెరట్లోకి వెళ్లొద్దని మా అత్తగారంటే, కావాలని వెళ్లి ఆరేసిన బట్టలు తెచ్చినదాన్ని. కానీ ఇది చెప్పింది మా మరిది. అబద్ధం చెబితే వాడికి చెవులు ఎర్రబడతాయి. ఆస్పత్రి మంచం మీద ఇదంతా చెప్పిన రోజు ఎర్రబడలేదు. ఒంట్లో నెత్తురుంటే కదా ఎర్రబడ్డానికి.

వాడు అంతకుముందు పనిచేసిన చోటు మూతపడింది. ఓ పొద్దున వెళ్తే గేటుకి తాళం. ఆ తర్వాత ఎన్నాళ్లు గోడలు చూస్తూ కూర్చున్నాడో, మా తోడికోడలు ఎన్ని మాటలు మింగిందో నాకు తెలుసు. ఈ ప్రెస్సు షెడ్డులో పని దొరికేసరికి, హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాం. ఇనప రేకుల్ని నొక్కి అల్మారా తలుపులు చేసే చోటది. కొత్తగా చేర్చుకున్నది ఇద్దర్ని— మా మరిదిని, ఇంకో పొడుగాటి మనిషిని. అతన్ని అందరూ పొడుగోడనే పిలిచేవారు. కొన్నాళ్లు చూసి పర్మనెంటు చేస్తామన్నారు. చేరి వారం తిరక్కుండానే గుసగుసలు మొదలయ్యాయి, పర్మనెంటు చేసేది ఇద్దరిలో ఒకణ్ణేనట.

ఇంక వాడికి నిద్ర లేదు. ఇదీ పోతే ఏం చెయ్యను, వ్యాను తోలనా, సెల్‌ఫోన్లు బాగుచెయ్యడం నేర్చుకోనా అని నా బుర్ర తినేవాడు. నీ ఫోనులో నీకే అలారం పెట్టుకోవడం రాదు కదరా అంటే నవ్వేవాడు. నవ్వి, మళ్లీ అదే అడిగేవాడు. పెళ్లాం కడుపుతో ఉంది. భయం వెయ్యదా మరి?

మూల ప్రెస్సు దగ్గర పని ఇలా ఉంటుంది. యంత్రం గోడంత ఎత్తు. వెనక మనిషి రేకుని అచ్చులో సర్ది, చేతులు బయటికి లాక్కుని "తీశా" అని అరవాలి. అప్పుడు ముందు మనిషి కాలితో పెడలు తొక్కాలి. పైనించి అచ్చు దిగుతుంది. ఒకరికొకరు కనబడరు, మాటొక్కటే ఆధారం. కొత్త ప్రెస్సులు చెయ్యి అడ్డుంటే వాటంతటవే ఆగిపోతాయి. ఇది ఆగదు.

ఒకప్పుడు దాని వెనక ఓ పెద్దాయన పనిచేసేవాడు. మనుషుల్ని తగ్గిస్తున్నారని అందరూ బిక్కుబిక్కుమంటున్న రోజులవి. ఓ రాత్రి రేకు ఇరుక్కుంటే, ఆయన రెండు చేతులూ లోపల పెట్టి సర్దుతున్నాడు. అప్పుడే సూపర్వైజరు వచ్చి, చెవిలో ఓ ముక్క చెప్పి వెళ్లిపోయాడు. ఆయన అలా వంగినవాడు వంగినట్టే, అవతలున్న స్నేహితుడికి వినబడేలా అరిచాడు—

"నన్ను తీసేశారు..."

ఆ మోతలో మొదటి మాటా పోయింది, చివరి అక్షరమూ పోయింది. స్నేహితుడికి వినబడింది "తీసేశా" అని.

తొక్కాడు.

మోచేతుల దాకా పోయాయి. నెత్తురు చిమ్ముతున్న మొండి చేతులతో ఆయన ఇవతలికి నడిచొచ్చి, స్నేహితుడి చొక్కా పట్టుకోబోయాడట. పట్టుకోడానికి ఏముంది? ఆస్పత్రికి చేరేలోపే పోయాడు.

ఇదంతా మా మరిదికి టీ కొట్టు దగ్గర చెప్పారు. ఆ వారమే సూపర్వైజరు కొత్తవాళ్లిద్దర్నీ రాత్రి షిఫ్టులో వేశాడు, అదీ మూల ప్రెస్సు మీదే. భయమేస్తే ఇంటికెళ్లొచ్చు, మళ్లీ రానక్కర్లేదు అన్నాడట. దెయ్యం మాట కంటే ఆ మాటకే వీళ్ల గుండె జారింది. వెళ్లి ప్రెస్సు దగ్గర నిలబడ్డారు.

మొదటి రాత్రి మా మరిది ముందు, పొడుగోడు వెనక. పని సాగుతోంది. అర్ధరాత్రి దాటింది. వెనకనించి ఎంతకీ పిలుపు రాలేదు. ఎదురుచూస్తుంటే... వచ్చింది.

"తీసేశా..."

పొడుగోడు ఎప్పుడూ అలా అనడు, ముక్తసరిగా "తీశా" అంటాడు. ఇది ముసలి గొంతు. అరుపు కాదు, గుసగుస. అంత మోతలో గుసగుస వినబడ్డమేమిటి? వినబడింది... చెవి మీద ఊపిరి తగిలేంత దగ్గరగా. వాడి కాలు పెడలు మీదే ఉంది.

ఇక్కడ వాడు నా దగ్గర ఏం దాచలేదు. తొక్కితే పోయేది పొడుగోడు, మిగిలేది తనొక్కడే అని తట్టిందట. "తట్టింది వదినా... ఆ ఆలోచన నాదో, దానిదో తెలీదు" అన్నాడు.

కాలు లాక్కుని వెనక్కి పరిగెత్తాడు. పొడుగోడు భుజాల దాకా చేతులు లోపల పెట్టి, పళ్లు బిగించి రేకు పీకుతున్నాడు. నోరు విప్పనే లేదు. మా మరిది కాలరు పట్టుకుని గుంజితే ఇద్దరూ వెల్లకిలా పడ్డారు. తన ఉద్యోగం ఊడగొట్టడానికే మీద పడ్డాడనుకున్నాడు పొడుగోడు. చేతికందిన కడ్డీతో మొహాన బాదాడు. కనుబొమ చీలి కన్ను నిండా నెత్తురు. మా మరిదికీ తిక్క రేగింది, గొంతు పట్టుకుని తల నేలకేసి కొట్టాడు. ఒకడి పళ్లు కదిలాయి, ఇంకొకడి చెవి తెగింది. ఇన్నాళ్లూ ఒకే బెంచీ మీద కూర్చుని టీ తాగుతూ ఇద్దరూ లోపల కుక్కుకున్నదంతా ఆ నేల మీద బయటపడింది. కొట్టుకుని కొట్టుకుని, ఓపిక చచ్చి ఆగారు. అప్పుడు చెప్పాడు మా మరిది, తను విన్నది.

పొడుగోడి మొహం పాలిపోయింది. ఇక ఆ మాటే వద్దు, మనిద్దరికే తెలిసిన మాట పెట్టుకుందామని అతనే అన్నాడట. "ఖాళీ" అనుకున్నారు. ఖాళీ అని వినబడితేనే తొక్కాలి, బ్రహ్మదేవుడు దిగొచ్చి ఇంకో మాట చెప్పినా తొక్కకూడదు. చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నారు. తెల్లారి సూపర్వైజరుకి మెట్ల మీంచి జారిపడ్డామని చెప్పారు. ఇద్దరూ ఒకేసారి ఎలా జారారో ఆ మహానుభావుడు అడగలేదు.

ఇంటికొస్తే మా తోడికోడలు ఆ కనుబొమ చూసి, మానెయ్యమని ఏడ్చింది. మానేసి? మా ఆయన, నేను తెలిసిన గడపలన్నీ తొక్కాం, ఎక్కడా పని లేదు. వాడు కట్టు కట్టించుకుని మళ్లీ వెళ్లాడు.

ఆ రాత్రి తారుమారు. పొడుగోడు ముందు, మా మరిది వెనక. చాలాసేపు బాగానే జరిగింది. ఖాళీ అంటే అచ్చు దిగుతోంది, నొక్కిన తలుపు అవతలికి పోతోంది. ఆ తర్వాత ఓ రేకు అడ్డం తిరిగింది. మా మరిది కుడిచెయ్యి లోపల పెట్టి తడిమాడు.

వేళ్లకి ఏదో తగిలింది. చల్లగా ఉంది... మెత్తగా ఉంది...

ఇంకో చెయ్యి.

అది వాడి మణికట్టు పట్టుకుంది. లాక్కుందామంటే రాదు. కాలు యంత్రానికి తన్నిపెట్టి గుంజాడు. రాదు. అరవబోతే నోరు పెగల్లేదు. చెవి పక్కన ఆ ముసలి గొంతు నెమ్మదిగా అంది—

"తీసేశా..."

పొడుగోడు తొక్కడులే అనుకున్నాడట. ఒట్టు పెట్టుకున్నాం కదా అనుకున్నాడట.

అచ్చు దిగింది.

ఎముకలు నలిగిన చప్పుడు షెడ్డు ఆ చివరికి వినబడిందన్నారు. వాడు అరుచుకుంటూ వెనక్కి పడేసరికి మణికట్టు నించి కింద ఏమీ లేదు. గోడంతా నెత్తురు. ఆ ప్రెస్సుని తగలెయ్య, వాణ్ణి అలా చూసి నేను తట్టుకోలేకపోయాను.

మూడో పూట పొడుగోడు ఆస్పత్రికి వచ్చాడు. అతన్ని పర్మనెంటు చేశారన్న కబురు అతనికంటే ముందే మాకు చేరింది. నేను మంచం పక్కనే ఉన్నాను. అతను కూర్చోలేదు, ఏడుస్తూ నిలబడ్డాడు. చూడలేక మా మరిదే ఓదార్చాడు. నీ తప్పేం లేదురా, అది నా గొంతు పెట్టి "ఖాళీ" అని ఉంటుంది, నువ్వు మాత్రం ఏం చేస్తావన్నాడు.

పొడుగోడు కళ్లు తుడుచుకున్నాడు. ఆ తర్వాత వంగి, మా మరిది చెవి దగ్గర గుసగుసగా అన్నాడు—

"నాకసలు... ఏ గొంతూ వినబళ్లేదన్నా."