బేస్ ఎవరు?

సూది రికార్డు మీద వాలింది. పాట ఇంకా మొదలవలేదు. లెమ్యూల్ ఓగిల్స్‌బీ అప్పుడే చెయ్యెత్తాడు.

"టెనార్ సాక్సఫోన్ క్లైడ్ ఫెన్‌విక్" అన్నాడు కళ్ళు మూసుకుని. "శీతాకాలంలో వాయించింది. ఊపిరి పొడిగా ఉంది చూడండి."

ఊపిరి సంగతి అలా ఉంచి, అక్కడింకా ఊదడమే మొదలవలేదు. అయినా కుర్చీల్లో ఉన్న పెద్దలంతా తలలు ఆడించారు. డెట్రాయిట్‌లో టిబ్స్ రికార్డుల షాపులో ప్రతి శనివారం మధ్యాహ్నం మూడింటికి ఈ పరీక్ష జరుగుతుంది. లేబుల్ మీద కాగితం అంటించి, ఎవరూ అంతగా వినని జాజ్ రికార్డు ఒకటి వేస్తారు. వాయించిందెవరో చెవితోనే చెప్పాలి. క్లబ్బు పెట్టి ఏడేళ్ళయింది. సభ్యులు ఎనిమిదిమంది. ఎనిమిదిమందీ ఎప్పుడూ తప్పు చెప్పలేదు. తప్పని తేలినప్పుడు రికార్డు కంపెనీ వాళ్ళు పొరబడ్డారని తీర్మానం చేసేవారు.

అధ్యక్షుడు థాడియస్ గెయిన్స్ గారు కాగితం ఊడదీశారు. ఆయనకి శవపేటికల వ్యాపారం. శుభవార్త చెప్పినా సంతాపంలాగే ఉంటుంది.

"క్లైడ్ ఫెన్‌విక్" అన్నారు బరువుగా. "లెమ్ వరుసగా పదకొండో శనివారం గెలిచాడు."

చప్పట్లు మోగాయి. లెమ్ వినయంగా తల వంచాడు. ఇరవయ్యారేళ్ళ బస్సు డ్రైవరు. వారమంతా జనం అతన్ని "కాస్త ముందుకు పోనియ్యవయ్యా" అని కసురుతుంటారు. శనివారం మాత్రం అతను రాజు.

అంతలో కౌంటర్ వెనకనుంచి ఒక గొంతు వినబడింది.

"మరి బేస్ ఎవరు?"

అందరూ తిరిగి చూశారు. రికార్డులు వెయ్యడానికి ఆ వారమే కొత్తగా చేరిన అమ్మాయి. పేరు జెనోబియా క్రచర్. పొడుగ్గా ఉంది. వేళ్ళకి గట్టి కాయలున్నాయి. చూపు సూటిగా ఉంది.

"బేసా?" అన్నారు గెయిన్స్ గారు, పెళ్ళిలో ఎవరో గాడిద పేరడిగినట్టు. "చూడమ్మాయ్, అడుగున గుమ్ గుమ్‌మనే ఆ బేస్ తీగలంటే ఇంటికి పునాది. పునాది పేరు ఎవరడుగుతారు?"

"ఇల్లు కూలినప్పుడు అడుగుతారండీ" అంది జెనోబియా.

మంగలి పర్విస్ కిసుక్కున నవ్వి, అధ్యక్షుడి మొహం చూసి దగ్గుగా మార్చుకున్నాడు. జెనోబియా మాత్రం లెమ్ వంకే చూస్తోంది. ఆ చూపుకి లెమ్ తేలు కుట్టిన దొంగలా అయిపోయాడు. ఎందుకంటే దొంగతనం నిజంగానే జరిగింది.

సోమవారం పొద్దున్న ఆమె అతని బస్సెక్కింది. సరిగ్గా అతని వెనక సీట్లో కూర్చుంది.

"శుక్రవారం ఆ రికార్డు నేనే తుడిచాను" అంది నెమ్మదిగా. "అంచు దగ్గర గీతలున్నాయి. టక్, టక్, ఒక్క క్షణం ఆగి మళ్ళీ టక్. మీరు చెయ్యెత్తింది మూడో టక్‌కి."

లెమ్ ఎర్రలైటు దగ్గర అనవసరంగా గట్టిగా బ్రేకు వేశాడు.

"మీరు గుర్తుపట్టింది వాయించినవాణ్ణి కాదు, గీతని."

"రెండేళ్ళు ఆ షాపులో పని చేశానండీ" అన్నాడు లెమ్ అద్దంలో ఆమెని చూస్తూ. "ఉన్న రికార్డులన్నీ తుడిచాను. ఏ గీత ఎక్కడుందో నిద్రలో లేపినా చెప్తాను. నేను అబద్ధమాడలేదు. వాళ్ళు అడక్క ముందే మెచ్చుకున్నారు. ఆ తర్వాత ఆపడం నావల్ల కాలేదు."

"పచ్చలైటు పడింది."

బస్సు కదిలింది.

"అందరికీ చెప్పేస్తారా?"

"నాకేం పని? నాలుగు వారాల్లో క్లీవ్‌లాండ్ క్లబ్బు వాళ్ళు పోటీకి వస్తున్నారటగా. వాళ్ళ రికార్డులు వాళ్ళే తెచ్చుకుంటారు. ఆ గీతలు మీరెప్పుడు తుడిచారు?"

లెమ్‌కి ఆ సంగతి నాలుగు రోజులుగా నిద్ర పట్టనివ్వడం లేదు. తన స్టాపు రాగానే జెనోబియా లేచి నిలబడింది.

"ఆదివారం చర్చి అయ్యాక మా పిన్నిగారింటికి రండి. వినడం నేర్పుతాను. అదేం బ్రహ్మవిద్య కాదు. నోరు మూసుకుంటే చాలు."

పిన్నిగారు ఆర్వెల్లా మూడో అంతస్తులో ఉంటుంది. లెమ్ వెళ్ళేసరికి ఆవిడ గుమ్మానికి ఎదురుగా కుర్చీ వేసుకుని, ఒళ్ళో చిక్కుడుకాయలు పెట్టుకుని తుంపుతోంది. కాయ విరిచిన చప్పుడులో కూడా ఒక హెచ్చరిక వినబడింది.

"కూర్చో బాబూ. తలుపు తెరిచే ఉంటుంది" అంది.

గది మూల ఒక పెద్ద బేస్ గోడకి ఆనుకుని నిలబడి ఉంది. మనిషి కన్నా ఎత్తు.

"ఎవరిదిది?"

"నాదే" అంది జెనోబియా. "చర్చిలో వాయిస్తాను. బయట ఎవరికైనా బేస్ వాయించేవాడు దొరక్కపోతే పిలుస్తారు, అప్పుడూ వాయిస్తాను."

"ఆడపిల్లకి ఇంత పెద్ద వాద్యమెందుకండీ? ఏ ఫ్లూటో నేర్చుకోకపోయారా?"

"మీకంత పెద్ద బస్సెందుకు? ఏ సైకిలో తొక్కకపోయారా?"

పిన్నిగారి చేతిలో చిక్కుడుకాయ ఫట్‌మంది. లెమ్ ఆ మధ్యాహ్నం మళ్ళీ అభిప్రాయాలు చెప్పలేదు.

మొదటి పాఠం చాలా చిన్నది. పాట వింటూ బేస్ ఒక్కటే వినాలి. ట్రంపెట్ ఎంత కేక పెట్టినా తల తిప్పకూడదు. మొదట్లో అతనికది పక్కింట్లో ఫ్రిజ్ మోతలా వినిపించింది. రెండో ఆదివారానికి ఆ మోత నడక అయింది. మూడో ఆదివారానికి ఆ నడకని బట్టి మనుషులు తెలియడం మొదలయింది. ఒకడు అప్పులవాడు తరుముతున్నట్టు నడుస్తాడు. ఇంకొకడు కొత్త బూట్లు అందరికీ చూపిస్తూ నడుస్తాడు.

మధ్యలో జెనోబియా తానే లేచి వాయించి చూపించేది. పెద్ద వాద్యాన్ని భుజానికి ఆనించుకుని కళ్ళు మూసుకునేది. ఆమె స్వరం వెయ్యడంలో ఒక వెంట్రుకవాసి ఆలస్యం ఉంది. పొడుగు మనిషి గుమ్మం దగ్గర తల వంచి లోపలికొచ్చినట్టు. ఒక్కో వరుస చివర ఆఖరి స్వరం వెయ్యకుండా వదిలేసేది.

"అదెందుకు మింగేశారు?" అని అడిగాడు లెమ్.

ఆమె కళ్ళు తెరిచింది. "వినబడిందా?"

"వినబడలేదు. అదే కదా అడుగుతున్నాను."

"వినేవాడికి వదిలేస్తాను" అంది ఆమె. ఆ తర్వాత ఎందుకో చాలాసేపు తీగలు సవరించుకుంటూనే ఉంది. లెమ్ ఆ వేళ్ళనే చూస్తూ ఉన్నాడు.

"బాబూ, పాఠం చెవులకా, కళ్ళకా?" అంది పిన్నిగారు.

పోటీ శనివారం రానే వచ్చింది. క్లీవ్‌లాండ్ నాయకుడు డాక్టర్ ఆంబ్రోస్ విట్లో పళ్ళ డాక్టరు. తన దిండు తనే తెచ్చుకున్నాడు. వినేటప్పుడు నడుం వంగితే స్వరాలు వంకరగా చేరతాయని ఆయన సిద్ధాంతం. గెయిన్స్ గారు స్వాగతం పలికారు. అది వింటే పోయినవాళ్ళెవరా అని అనుమానం వచ్చేలా ఉంది.

పోటీ హోరాహోరీగా సాగింది. ఒక ట్రంపెట్ విని విట్లో, "ఇతనికి పై వరుసలో జ్ఞానదంతం పుచ్చింది" అన్నాడు. వాళ్ళ పక్షం ఆహా అంది. గెయిన్స్ గారు తగ్గుతారా? "ఇతను తల్లిని చిన్నప్పుడే పోగొట్టుకున్నాడు" అన్నారు. మన పక్షం ఓహో అంది. మార్కులు సమానమయ్యాయి. ఆఖరి రికార్డు మిగిలింది. విట్లో దాన్ని సంచిలోంచి చంటిబిడ్డని తీసినట్టు తీశాడు.

"మా ఊళ్ళో చిన్న కంపెనీ తీసింది. మూడువందల ప్రతులే. మీ మొనగాణ్ణి చెప్పమనండి."

జెనోబియా సూది వేసింది. పాట మొదలయింది. ఆమె చెయ్యి సూది దగ్గరే ఆగిపోయింది. లెమ్ అది చూడలేదు. నిజంగానే కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఒక్క గీత లేని కొత్త రికార్డు. పాట అయిపోయేవరకూ అతను చెయ్యెత్తలేదు. అందరూ ముందుకు వంగారు.

"పియానో ఎవరో నాకు తెలియదు" అన్నాడు లెమ్.

ఏడేళ్ళలో ఆ మాట అక్కడ ఎవ్వరూ అనలేదు. పర్విస్ గుండె మీద చెయ్యేసుకున్నాడు.

"డ్రమ్స్ కూడా తెలియదు. ఎవరో కంగారు మనిషి, పరుగెత్తుతున్నాడు. బేస్ అతన్ని తిట్టకుండా చెయ్యి పట్టుకుని వెనక్కి తెస్తోంది. ఆ బేస్ మాత్రం తెలుసు." కళ్ళు తెరిచి కౌంటర్ వైపు తిరిగాడు. "ఈవిడ. జెనోబియా క్రచర్ గారు."

విట్లో పెద్దగా నవ్వి అట్ట పైకెత్తాడు. "బేస్, హోరేస్ పింకార్డ్! ఇదిగో, అచ్చేసి ఉంది."

"పింకార్డ్‌కి ఆ రోజు గవదబిళ్ళలండీ" అంది జెనోబియా. "పొద్దున్నే ఫోన్ చేసి నన్ను పిలిచారు. అట్టలు అప్పటికే అచ్చయిపోయాయి."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అన్నారు గెయిన్స్ గారు.

"మీలో ఎవరైనా బేస్ పేరడిగారా?"

పెద్దలు తలలు కలిపి గుసగుసలాడారు. అచ్చులో ఉన్నదాన్ని కాదనాలంటే రుజువు కావాలని తీర్మానించారు. లెమ్ అప్పటికే లేచి టోపీ పెట్టుకున్నాడు. పిన్నిగారింటికి పరిగెత్తి, మూడంతస్తులు ఎక్కి, బేస్‌ని కౌగలించుకుని దిగి బస్సెక్కాడు. తోటి డ్రైవరు దాన్ని ఎగాదిగా చూసి, "ఇంత లావు మనిషికి టిక్కెట్టు కొట్టకుండా ఎలా వదలను లెమ్?" అన్నాడు.

పర్విస్ తన షాపునుంచి తువ్వాళ్ళు తెచ్చి అందరి కళ్ళకీ గంతలు కట్టాడు. ఒకసారి రికార్డు, ఒకసారి జెనోబియా. రెండూ ఒకే నడక. ఒకే గుమ్మం దగ్గర ఒకే తల వంచడం. ఆఖరి స్వరం రెండింట్లోనూ లేదు. గంత కింద పర్విస్ ముక్కు ఎగబీల్చడం అందరికీ వినబడింది.

గంతలు విప్పారు. ఓట్లు వేశారు. అట్టకి పద్నాలుగు, జెనోబియాకి రెండు. ఆ రెండూ లెమ్‌దీ, పర్విస్‌దీ.

"అమ్మాయి పింకార్డ్‌ని చక్కగా అనుకరించింది" అన్నాడు విట్లో ఉదారంగా.

"నేర్చుకుంటే పైకొస్తుంది" అన్నారు గెయిన్స్ గారు. తన పక్షం ఓడినా ఆయనకి చింత లేదు. అచ్చు గెలిచింది.

లెమ్ కుర్చీలోంచి లేచాడు. చెవులు మండిపోతున్నాయి.

"అయ్యా, ఇంకో మాట. నేను గెలిచిన శనివారాలన్నీ అబద్ధం. నేను గీతలు విని చెప్పాను. ఈ షాపులో రికార్డులన్నీ నేనే తుడిచాను గనక. నిజంగా విని చెప్పింది ఈరోజొక్కటే."

గెయిన్స్ గారు అతని భుజం తట్టారు. "ఓడిపోయిన బాధలో అలాగే అనిపిస్తుంది బాబూ. నీ చెవి మాకు తెలీదా? అన్నిసార్లూ మేం ఒప్పుకున్నాం. మేం పొరబడతామా?"

నిజం చెప్పినా చెల్లని చోట ఇంకేం చేస్తాడు? బేస్ ఎత్తుకుని బయటికి నడిచాడు. వెనకే జెనోబియా వచ్చింది.

బస్ స్టాపు చేరేలోగా వాన అందుకుంది. లెమ్ గబగబా కోటు విప్పి బేస్ మీద కప్పాడు. మెడ దగ్గర బొత్తాలు కూడా పెట్టాడు.

"నేనిక్కడ తడుస్తున్నాను" అంది జెనోబియా.

"మీరు ఆరతారు. అది చెక్క, ఉబ్బిపోతుంది."

ఆమె ఒక్క క్షణం అతని వంక చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయింది. వాన నీళ్ళు బుగ్గల మీంచి కారుతుంటే తుడుచుకోవడం కూడా మానేసింది.

"అది సరే, ఏ పెద్ద పేరో చెప్పి ఊరుకోవచ్చుగా? తప్పయినా మీవాళ్ళు ఎలాగో నెగ్గించేవారు. నా పేరెందుకు చెప్పావ్?"

మీరు కాస్తా నువ్వు అయింది ఆమె గమనించిందో లేదో కానీ లెమ్ గమనించాడు.

"నువ్వేనని తెలిశాక ఇంకొకళ్ళ పేరు నోటికి రాలేదు" అన్నాడు. "ఈ మధ్య బస్సులో స్టాపుల పేర్లు చెప్పాల్సిన చోట కూడా నీ పేరే వస్తోంది. నిన్న ఒక ముసలావిడ, ఈ జెనోబియా స్టాపు ఎక్కడయ్యా, నేనెప్పుడూ వినలేదే అని అడిగింది."

"ఏం చెప్పావ్?"

"నేనూ అక్కడికే వెళ్ళాలనుకుంటున్నానండీ, దారి కనుక్కుంటున్నాను అన్నాను."

జెనోబియా బేస్ మెడ పట్టుకున్న అతని చేతి మీద తన చెయ్యి వేసింది. కాయలు కాసిన వేళ్ళు, వెచ్చగా ఉన్నాయి. బస్సు వచ్చి ఆగింది. ఇద్దరూ కదలకపోయేసరికి అది వెళ్ళిపోయింది.

రెండో బస్సులో ఇంటికి చేరేసరికి పిన్నిగారు మెట్ల పైన నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉంది. లెమ్ రొప్పుతూ బేస్‌ని మూడో అంతస్తుకి చేర్చాడు.

"ఎవరు గెలిచారు?"

"క్లీవ్‌లాండ్ వాళ్ళండీ."

"మరి మీరిద్దరూ ఇంత సంతోషంగా ఉన్నారేం?"

ఇద్దరూ నేల చూశారు. పిన్నిగారు లెమ్‌ని తలనుంచి తడిసిన బూట్ల దాకా ఒకసారి చూసింది.

"బాబూ, దీన్ని చేసుకునేవాడు దాన్ని కూడా మొయ్యాలి. ఏదో ఒక్కరోజు సరదా కాదు. ఆదివారం చర్చికి దించాలి, మళ్ళీ ఎక్కించాలి. వేరే ఊళ్ళో పిలిస్తే అక్కడికీ మొయ్యాలి."

"మోస్తానండీ."

"మూడంతస్తులు."

"ఈరోజు రెండుసార్లు చూశానండీ."

"నడుం వంగే వయసొస్తుంది. అప్పుడేం చేస్తావ్?"

లెమ్ ఒక చేత్తో నడుం తడుముకుని మెట్ల వంక చూశాడు.

"అప్పటికి లిఫ్టున్న ఇల్లు చూసుకుంటాంలే పిన్నీ" అంది జెనోబియా, జుట్టు పిండుకుంటూ లోపలికి పోతూ.

ఆ మాటకి అర్థమేమిటో తెలియడానికి లెమ్‌కి కొంచెం సమయం పట్టింది. తెలిసేసరికి గుమ్మంలో ఒక్కడే నిలబడి ఉన్నాడు. లోపల పిన్నిగారు బల్ల మీద మూడో కంచం పెడుతోంది.