పైకెక్కని గుండు డబ్బా

"ధన్!"

మధ్యాహ్నపు కునుకులో ఉన్న మేడ మొత్తం ఉలిక్కిపడింది. కింది వాటాలో ఉండే ఆంటీ తలుపు తీసి పైకి చూసింది.

"ఏమిటే ఆ చప్పుడు? ఇల్లు గానీ కూలిందా?"

"లేదాంటీ! డబ్బా పరీక్ష!" మెట్ల పైనుంచి జవాబు వచ్చింది.

జవాబు చెప్పిన అమ్మాయిని ఇంట్లో అందరూ ఇన్‌స్పెక్టర్ అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. గడియారం నడుస్తుంటే ఎలా నడుస్తోందంటుంది, ఆగిపోతే ఎందుకాగిందంటుంది. కొత్త చెప్పులు కొంటే వంచి చూస్తుంది. కొత్త గొడుగు కొంటే కుళాయి కింద పట్టి చూస్తుంది. తరగతిలో ఆమె చెయ్యెత్తిందంటే చాలు, సైన్సు మాస్టారు ముందు ఒక గుక్క మంచినీళ్ళు తాగి, ఆ తర్వాతే "అడుగమ్మా" అంటారు.

ఈరోజు బడికి సెలవు. కానీ ఇన్‌స్పెక్టర్‌కి ఊపిరి సలపనంత పని. అమ్మకి గట్టి అన్నం డబ్బా వెతకాలి.

అమ్మ క్రేన్ నడుపుతుంది. ఊరి చివర పెద్ద ఆసుపత్రి ఒకటి కడుతున్నారు. అక్కడ పసుపు రంగు క్రేన్ ఒకటి మేడలన్నిటికన్నా ఎత్తుగా నిలబడి ఉంటుంది. దాని పైన చిన్న గాజు గది. అమ్మ రోజంతా ఆ గదిలో కూర్చుని ఇనప కడ్డీల కట్టలు, సిమెంటు తొట్లు పైకి లేపి, చెప్పినచోట నెమ్మదిగా దించుతుంది. మా అమ్మ మబ్బుల పక్కన పని చేస్తుందని చెప్పుకోవడం ఇన్‌స్పెక్టర్‌కి మహా ఇష్టం.

నిన్న అమ్మ పాత ప్లాస్టిక్ డబ్బా మూల పగిలింది. కూరలోకి సిమెంటు దుమ్ము వెళ్ళింది.

"పంటి కింద కరకరలాడితే ఏదో కొత్త వంట అనుకున్నా," అని అమ్మ నవ్వింది.

"సైటుకి తీసుకెళ్ళే డబ్బా గట్టిగా ఉండాలి," అన్నాడు నాన్న.

"నేను వెతుకుతా! అదంతా నాకొదిలేయండి!" అంది ఇన్‌స్పెక్టర్. ఆమె అలా అన్నాక ఇక అడ్డు చెప్పేవాళ్ళెవరు?

పొద్దున్నే వేట మొదలైంది. ఏ లోహం గట్టిదని ఫోను చేసి సైన్సు మాస్టారినే అడిగింది. ఏ డబ్బా ఎక్కువకాలం ఆగుతుందని కింది ఆంటీని అడిగింది. వంటింటి అల్మారాలోంచి రెండు డబ్బాలు, అటక మీంచి ఒకటి కిందికి దిగాయి. వాటిని మెట్ల మీద వరసగా పేర్చింది. తమ్ముడు బుడ్డోడు సహాయకుడు.

మొదటి పరీక్ష నీళ్ళది. నీళ్ళు పోసి, మూత పెట్టి, తలకిందులు చేయాలి. పల్చటి డబ్బా ఒకటి అక్కడే బుడ్డోడి నెత్తిన నీళ్ళు పోసి ఓడిపోయింది.

రెండోది పైనుంచి పడేసే పరీక్ష. రెండో డబ్బాకి మూత ఎగిరిపోయి ఆంటీ పూలకుండీలో పడింది.

అటక మీంచి దిగినది మాత్రం మామూలుది కాదు. మందమైన స్టీలు. గుండ్రంగా, పొట్టిగా, రెండు పక్కలా బిగించే కొక్కేలతో బరువుగా ఉంది. ఎప్పుడో నానమ్మ వాడిన డబ్బా అట. మెట్ల మీంచి దొర్లించినా సొట్ట పడలేదు. ఆ ధన్‌మన్న చప్పుడు దీనిదే.

"ఇప్పుడు ఏనుగు పరీక్ష," అంది ఇన్‌స్పెక్టర్. "బుడ్డోడా, ఎక్కి గెంతు."

బుడ్డోడు ఎక్కి గెంతాడు. డబ్బాకి ఏమీ కాలేదు. బుడ్డోడే జారి కింద కూర్చున్నాడు.

లోపలి గదిలోంచి నాన్న తలగడ నెత్తిన పెట్టుకుని బయటికి వచ్చాడు. ఆయనకి బేకరీలో రాత్రి పని. తెల్లారి వచ్చి, అమ్మకి డబ్బా కట్టి, ఆ తర్వాతే పడుకుంటాడు.

"ఇన్‌స్పెక్టర్ గారూ, మీ పరీక్షల్లో నా నిద్ర కూడా ఉందా?" అన్నాడు.

"అయిపోయింది నాన్నా! దొరికింది! దీని పేరు గుండు డబ్బా!"

సాయంత్రం అమ్మ రాగానే గుండు డబ్బాని రెండు చేతులతో అందించింది. "అమ్మా, దీన్ని ఏనుగు తొక్కినా ఏమీ కాదు!"

అమ్మ డబ్బా అందుకుంది. దాని వైపు ఒకసారి చూసింది. మేకుకి తగిలించిన తన వీపు సంచీ వైపు ఒకసారి చూసింది. ఏదో అనబోయింది. అంతలోనే ఇన్‌స్పెక్టర్ మొహం చూసి నవ్వేసింది.

"భలే డబ్బా పట్టావే! నా తల్లే!" అంది.

ఇన్‌స్పెక్టర్ ఆ రాత్రి గర్వంతో నిద్రపోయింది.

మర్నాడు సాయంత్రం బడి నుంచి వచ్చి, అమ్మ కోసం గుమ్మంలోనే కాపు కాసింది. అమ్మ వచ్చీ రాగానే డబ్బా లాక్కుంది. చెవి దగ్గర పెట్టి ఊపింది. పాత డబ్బా అయితే లోపల చెంచా గలగలమనేది. దీంట్లో చప్పుడే లేదు.

మూత తీసింది. పొద్దున నాన్న పెట్టిన అన్నం, కూర, గుడ్డు పెట్టినట్టే ఉన్నాయి. చెంచాకి మెతుకు కూడా అంటలేదు.

"అమ్మా! తినలేదేం?"

"ఆకలి వెయ్యలేదురా," అంది అమ్మ. ఆ మాట అంటూనే పళ్ళెం పెట్టుకుని, గబగబా తిని, మళ్ళీ వడ్డించుకుంది.

ఇన్‌స్పెక్టర్ కళ్ళు చిన్నవయ్యాయి. ఆకలి వెయ్యనివాళ్ళు ఇలా తింటారా?

ఆ మర్నాడు కూడా డబ్బా నిండుగానే తిరిగి వచ్చింది. ఈసారి అమ్మ, "పని ఎక్కువైంది," అంది.

ఇక ఇన్‌స్పెక్టర్ ఊరుకుంటుందా? కూర వాసన చూసింది. బాగానే ఉంది. కొక్కేలు మరీ బిగుతుగా ఉన్నాయేమోనని నాన్న బేకరీ చేతితొడుగులు వేసుకుని తీసి చూసింది. టక్కున వచ్చేశాయి.

"మరీ బరువంటావా?" బుడ్డోడిని అడిగింది. "అయినా అమ్మ అంతంత ఇనప కట్టలే ఎత్తుతుంది కదా!"

"అవి ఎత్తేది క్రేనే కదా, అమ్మ కాదుగా," అన్నాడు బుడ్డోడు, వేలు చీకుతూ.

ఇన్‌స్పెక్టర్‌కి అమ్మ రోజంతా పస్తు ఉంటోందన్నదే ఆలోచన. అది మొత్తం తను వెతికిన డబ్బా వచ్చాకే మొదలైంది. ఆ సంగతే నాన్నతో చెప్పింది.

"నాకూ అంతు పట్టడం లేదు," అన్నాడు నాన్న. "రేపు మీకు ఒంటిపూట బడేగా. ఒకసారి సైటు దాకా వెళ్ళొద్దాం పద."

మర్నాడు ఇద్దరూ సైటు గేటు దగ్గరికి చేరేసరికి ఇంకా భోజనాల వేళ కాలేదు. గేటు దగ్గర మెడలో విజిల్ వేసుకున్న పెద్దాయన ఉన్నాడు. సైటులో అందరూ ఆయన్ని గేటు బాబాయ్ అంటారు. ఆయన ఇద్దరినీ తన రేకుల గదిలో కూర్చోబెట్టాడు.

ఇన్‌స్పెక్టర్ కూర్చోలేదు. కిటికీలోంచి తలెత్తి చూసింది. పసుపు క్రేన్ ఆకాశంలోకి పోయినట్టుంది. దాని స్తంభం లోపల సన్నటి ఇనప నిచ్చెన పైపైకి వెళ్ళింది. అన్నిటికన్నా పైన గాజు గది అగ్గిపెట్టెంత కనిపించింది. అమ్మ అందులో ఉంది.

తల తిప్పేసరికి బల్ల మీద గుండు డబ్బా!

"ఇదేంటి? ఇది ఇక్కడుందేం?"

"రోజూ ఇక్కడే ఉంటుందమ్మా," అన్నాడు గేటు బాబాయ్. "మీ అమ్మ దీన్ని ఇక్కడ పెట్టి పైకెక్కుతుంది."

"పైకి ఎందుకు తీసుకెళ్ళదు?"

"ఆ నిచ్చెన చూశావుగా. ఎక్కేటప్పుడు రెండు చేతులూ దాని మీదే ఉండాలి. చేత్తో ఏదీ పట్టుకోకూడదు. ఇక్కడి పద్ధతి అది. వీపు సంచీలో పట్టేదే పైకి వెళ్తుంది. ఈ గుండు ఆ సంచీలో పట్టి చస్తేగా!"

"మరి క్రేన్ కొక్కేనికి తగిలించి పంపొచ్చుగా?"

గేటు బాబాయ్ పకపకా నవ్వాడు. "కొక్కెం వేలాడేది ఎక్కడో అవతల. మీ అమ్మ కూర్చునేది ఇవతల. గాలిలో చెయ్యి చాపి అందుకోమంటావా? అయినా సరుకు ఎత్తే కొక్కేనికి అన్నం డబ్బాలు కట్టనివ్వరులే."

"పోనీ, కిందికి దిగి తినొచ్చుగా?"

"దిగి, తిని, మళ్ళీ ఎక్కేసరికి భోజనం వేళ కాస్తా అయిపోతుంది. అందుకే ఎప్పుడూ పైనే తింటుంది. ఈ రెండు మూడు రోజులుగా మాత్రం జేబులో బిస్కెట్లు వేసుకుని ఎక్కుతోంది." ఆయన డబ్బా మీది దుమ్ము తువ్వాలుతో తుడిచాడు. "దీన్ని జాగ్రత్తగా చూడమని నాకు మరీ మరీ చెప్పింది. మా కూతురు వెతికిపెట్టిన డబ్బా అని సైటంతా చూపించిందిలే!"

అంతలో విజిల్ మోగింది. భోజనాల వేళ. క్రేన్ ఆగింది. కింద పనివాళ్ళంతా ఇటుకల మీద, పలకల మీద కూర్చుని డబ్బాలు విప్పారు. పైన గాజు గదిలో మాత్రం ఎవరో నీళ్ళ సీసా ఎత్తి తాగుతున్నట్టు లీలగా కనిపించింది.

ఇన్‌స్పెక్టర్ కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి.

"నాన్నా, మాస్టారిని అడిగాను. ఆంటీని అడిగాను. బుడ్డోడిని కూడా అడిగాను," అంది. "అమ్మని ఒక్కసారైనా అడగలేదు."

నాన్న ఆమెను దగ్గరికి తీసుకున్నాడు.

ఆ సాయంత్రం అమ్మ చెప్పులు విప్పకముందే ఇన్‌స్పెక్టర్ ఎదురెళ్ళింది.

"అమ్మా, నాకు అంతా తెలిసిపోయింది. నాతో చెప్పొచ్చుగా?"

అమ్మ ఒకసారి నాన్న వైపు చూసింది. తర్వాత అక్కడే గడప మీద కూర్చుంది. "ఆదివారం నెమ్మదిగా చెబుదామనుకున్నానురా. అంత సంబరంగా తెచ్చిచ్చావు, నాకు నోరు రాలేదు."

"సరే, ఇప్పుడు చెప్పు. పైకి ఎలా ఎక్కుతావు? పైన ఎలా కూర్చుంటావు? డబ్బా ఎక్కడ పెట్టుకుంటావు?"

"ఇన్ని ప్రశ్నలా?"

"ఇంకా ఉన్నాయి."

అమ్మ నవ్వుతూ లేచి, గది మధ్యలో పీట వేసుకుని కూర్చుంది. రెండు చేతులూ రెండు పక్కలా పెట్టింది. "ఇవి క్రేన్ నడిపే పిడులు. ఎదురుగా అద్దం. కాళ్ళ దగ్గర కూడా అద్దమే. డబ్బా పెట్టడానికి సీటు పక్కన ఇదిగో, ఇంత చోటు."

ఇన్‌స్పెక్టర్ అరచెయ్యి పెట్టి చూసింది. జానెడు కూడా లేదు. గుండు డబ్బా అక్కడ పెడితే దొర్లిపోవడమే!

"మూత ఎక్కడ పెడతావు?"

"ఒళ్ళో పెట్టుకుంటా. దాంతోనే నాకు భయం. గాలికి కిటికీలోంచి మూత జారిందనుకో, కింద ఎవరి నెత్తినైనా పడుతుంది."

ఇన్‌స్పెక్టర్ పరీక్షలన్నీ డబ్బాకి దెబ్బ తగులుతుందా అనే. డబ్బా వల్ల ఇంకొకరికి దెబ్బ తగులుతుందని ఆమె బుర్రకి తట్టనే లేదు.

ఆదివారం అందరూ కలిసి స్టీలు సామాన్ల కొట్టుకి వెళ్ళారు. అమ్మ వీపున ఖాళీ సంచీ ఉంది. ఇన్‌స్పెక్టర్ పట్టుబట్టి తెప్పించింది.

"కొట్టులో అన్నిటికన్నా గట్టి డబ్బా ఇదేనమ్మా," అంటూ కొట్టాయన పెద్ద డబ్బా ఒకటి ముందు పెట్టాడు.

ఇన్‌స్పెక్టర్ దాని వైపు చూడనైనా చూడలేదు. "మా అమ్మ సంచీలో పట్టేది కావాలండీ. బల్లపరుపుగా ఉండాలి. మూత ఊడి రాకూడదు, డబ్బాకే అతుక్కుని ఉండాలి."

కొట్టాయన బుర్ర గోక్కుని, వెతికి వెతికి ఒకటి తీశాడు. పుస్తకంలా పల్చగా, పొడుగ్గా ఉంది. మూత ఒక పక్క బందుతో డబ్బాకే అతికి ఉంది. ఇన్‌స్పెక్టర్ దాన్ని అమ్మ సంచీలో పెట్టింది. పట్టింది.

"ఇప్పుడు ఆ నిచ్చెన ఎక్కమ్మా," అంది, పై అరల్లోంచి సామాన్లు దించే నిచ్చెన చూపిస్తూ.

అమ్మ ఎక్కి దిగింది. "వీపుకి ఏమీ గుచ్చుకోలేదు," అంది.

"ఇలా కొనేవాళ్ళని ఇన్నేళ్ళలో చూడలేదు!" అన్నాడు కొట్టాయన. ఆ మాట పూర్తి కాకముందే ధన్‌మని చప్పుడైంది. కొట్టాయన గుండె పట్టుకున్నాడు.

"పడేసే పరీక్ష మాత్రం ఎలాగూ చెయ్యాలి కదండీ," అంది ఇన్‌స్పెక్టర్. డబ్బాకి సొట్ట పడలేదు.

ఇంటికి వచ్చాక నాన్న గుండు డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. "పాపం, ఇది ఇంత గట్టిది. నేను బేకరీకి తీసుకెళ్ళనా?"

"ఆగు నాన్నా," అంది ఇన్‌స్పెక్టర్. "ముందు నీ సైకిలు బుట్ట చూపించు. బేకరీలో ఎక్కడ కూర్చుని తింటావో కూడా చెప్పు."

మర్నాడు సాయంత్రం మళ్ళీ గుమ్మంలో కాపలా. అమ్మ మెట్లెక్కుతోంది. ఇన్‌స్పెక్టర్ ఈసారి సంచీ లాక్కోలేదు. ఊపిరి బిగబట్టి చెవులు రిక్కించింది.

అమ్మ ఒక్కో మెట్టు ఎక్కుతుంటే, ఆమె వీపు మీది సంచీలో చెంచా ఒక్కటే గలగలమంది.