గడ్డం మీద మూడు చుక్కలు

మధ్యాహ్నం రెండయింది. ఆమదాలవలస స్టేషన్ రోడ్డులోని ఫొటో స్టూడియోలో షాలిని కంప్యూటర్ ముందు కూర్చుని, ఒక ముసలమ్మ ముఖం మీది ముడతల్ని ఒక్కొక్కటే చెరిపేస్తోంది.

ఆ ముసలమ్మ పేరు గురమ్మ. చనిపోయి పది రోజులైంది. రేపే పెద్దకర్మ. దండ వెయ్యడానికి ఇంట్లో ఒక్క ఫొటో కూడా లేదట. పొద్దున్నే ఆవిడ భర్త ఎర్రన్న, కవర్లో చుట్టిన ఉపాధి పని జాబ్‌కార్డు పట్టుకొచ్చాడు. దాని మీద ఇద్దరూ పక్కపక్కన నిలబడిన చిన్న ఫొటో ఉంది. అందులోంచి ఆవిణ్ణి పెద్దది చేసి పటం కట్టమన్నాడు. సాయంత్రం ఆరింటి బస్సుకి ఊరెళ్ళాలన్నాడు.

షాలినికి ఇది మొదటి ఉద్యోగం. పదో తరగతి పరీక్షలు రాసేసి, రెండు వారాల కిందటే చేరింది. యజమాని ధనరాజ్ నేర్పిన సూత్రం ఒక్కటే: ముఖం తెల్లగా చెయ్యి, మచ్చలు తీసెయ్యి. పిల్ల చురుకైనది కదా, రెండు రోజుల్లో పట్టేసింది. పెళ్ళిచూపులకి ఫొటోలు తీయించుకునేవాళ్ళంతా తమని తాము చూసుకుని మురిసిపోయేవారు.

స్టేషన్ దగ్గరే కాబట్టి రైలు వెళ్తే కౌంటర్ అద్దం గలగలమంటుంది. చెన్నై రైలు వెళ్ళినప్పుడు మాత్రం షాలిని చెయ్యి ఆగిపోతుంది. వాళ్ళమ్మ లీలారాణి చెన్నైలో, ఒక ఆసుపత్రిలో ఆయాగా చేస్తోంది. నాన్న ఎప్పుడో పోయాడు. కిందటి క్రిస్మస్‌కి అమ్మకి సెలవు దొరకలేదు. ఏడాదిన్నరైంది చూసి. మొదటి జీతం రాగానే, తనని చూసుకునే మామ్మని తీసుకుని ఆ రైలెక్కెయ్యాలి. షాలిని పనిలో చేరిందే అందుకు.

చేరిన వారంలోనే అమ్మ పాత ఫొటోని కూడా తెల్లగా, నున్నగా చేసి ఇంట్లో గోడకి పెట్టింది. చూసినవాళ్ళంతా సినిమా యాక్టర్‌లా ఉందన్నారు. షాలిని పొంగిపోయింది. కానీ ఎందుకో, రాత్రి పడుకుని దానికేసి చూస్తే అమ్మ ఇంకా దూరం వెళ్ళిపోయినట్టుండేది. బెంగ తగ్గాల్సింది పోయి పెరిగింది.

సరే, గురమ్మ సంగతికొద్దాం. ముడతలు పోయాయి. గుంటలు పడ్డ బుగ్గలు నిండాయి. గడ్డం మీద మూడు పచ్చబొట్టు చుక్కలున్నాయి. పాతకాలపు మోటు సింగారం అనుకుని షాలిని వాటినీ తుడిచేసింది. ధనరాజ్ చూసి భలే అన్నాడు. ప్రింటు తీసి పటం కట్టేశారు.

నాలుగింటికి ఎర్రన్న వచ్చాడు. పటాన్ని రెండు చేతులతో అందుకుని, వెలుతురు కోసం గుమ్మం దాకా తీసుకెళ్ళి చూశాడు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"బాగున్నాది తల్లీ," అన్నాడు మెల్లగా. "గానీ ఈయమ్మెవులు? మా గురమ్మేది?"

అందరూ ఇలాగే కోరుకుంటారని ధనరాజ్ సర్దిచెప్పబోయాడు. ఎర్రన్న తగువు పెట్టుకునే మనిషి కాదు. పటం కౌంటర్ మీద పెట్టి, తన జాబ్‌కార్డు తనకిచ్చేస్తే చాలన్నాడు. రేపు ఆ చిన్న బొమ్మ దగ్గరే దీపం పెట్టుకుంటానన్నాడు. దాన్ని మళ్ళీ కవర్లో చుట్టుకుని గుమ్మం వైపు తిరిగాడు.

షాలిని ఊరుకుంటే ఊరుకోవచ్చు. ఆయన వెళ్ళిపోతాడు, ధనరాజ్ మర్చిపోతాడు. కానీ ఆ మూడు చుక్కలు తుడిచింది తన చెయ్యే కదా! లేచి అడ్డంగా వెళ్ళి నిలబడింది.

"తాతా, తప్పు నాది. బస్సుకింకా రెండు గంటలున్నాది. నా పక్కన కూకో. ఆవిడెలాగుండేదో సెప్పు, మళ్ళీ సేస్తాను."

కాగితం దండగని ధనరాజ్ గొణిగాడు. ఆ ముసలాయన మొహం చూసి, కుర్చీ మాత్రం తనే తెచ్చి వేశాడు.

షాలిని మొదటి నుంచి మొదలుపెట్టింది. ముడతల్ని ముట్టుకోలేదు. ఎండకి కమిలిన రంగునీ మార్చలేదు. కార్డు మీది ముద్ర మరక మాత్రం తీసేసింది. చుక్కలు మసకగా ఉండటంతో ఎక్కడెక్కడుండేవో ఎర్రన్నని అడిగింది.

"మజ్జిలోది కొంచెం కిందకుంటాది తల్లీ. పెళ్ళైన కొత్తల్లో పొడిపించుకున్నాది. నాను ఎదర కూకుని ఎక్కిరించేను. అది నవ్వేసి కదిలిపోనాది. సుక్క జారిపోనాది. ముసిల్దైపోయినా ఆ సుక్క సూపించి తిట్టేది నన్ను."

చెప్తూ చెప్తూ ఎర్రన్న నవ్వాడు. నవ్వుతూనే కండువా కళ్ళకి అడ్డం పెట్టుకున్నాడు.

షాలిని చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది. ఈసారి రైలేమీ వెళ్ళలేదు. ఆమెకి అమ్మ చెంప మీది మచ్చ గుర్తొచ్చింది. మూడేళ్ళప్పుడు తను వేడి గంజి గిన్నె లాగేస్తే అమ్మ అడ్డం పడింది. గంజి అమ్మ చెంప మీద పడింది. పడుకునేటప్పుడు ఆ గరుకు మచ్చ మీద వేలు పెడితే గాని షాలినికి నిద్ర పట్టేది కాదు. ఆ మచ్చనే తను తుడిచేసింది.

కళ్ళు తుడుచుకుని, మధ్య చుక్కని కొంచెం కిందకి దించింది.

ఐదున్నరకి కొత్త పటం తయారైంది. ఎర్రన్న దాన్ని అందుకున్నాడు. బొటనవేలితో అద్దం మీద, సరిగ్గా ఆ జారిన చుక్క దగ్గర నిమిరాడు. తర్వాత పటాన్ని కండువాలో చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

"పదవే," అన్నాడు పటంతో. "బస్సెళ్ళిపోతాది."

షాలిని ఆయన్ని రోడ్డు దాటించి బస్సెక్కించి వచ్చింది.

ఇంటికి రాగానే చెప్పులు విప్పీ విప్పకుండా గోడ మీది ఫొటో దించేసింది. ట్రంకుపెట్టెలో అడుగున పడేసిన పాత ఫొటో వెతికి తీసింది. అంచులు చిరిగాయి, రంగు వెలిసింది, మచ్చ మాత్రం ఉంది. దాన్నే మేకుకి తగిలించింది.

అంత మంచి ఫొటో తీసేసేవేటే అని మామ్మ అడిగింది.

"అందులో అమ్మ లేదు మామ్మా," అంది షాలిని.

స్టేషన్‌లో చెన్నై రైలు కూత వేసింది. షాలిని ఫొటోకి దగ్గరగా జరిగి, చిన్నప్పట్లాగే ఆ మచ్చ మీద వేలు పెట్టింది.

"వస్తన్నానే అమ్మా," అంది. "ఇంకో రెండు వారాలే."