అమ్మ పెట్టాల్సిన సంతకం

"వదినా! ఓ వదినా! మీ అమూల్య ఎలక్షన్లో నిలబడుతోందంట! ఇయ్యాలే నామినేషనంట!"

పక్కింటి కోటమ్మ గేటు తియ్యకుండానే కేకేసింది. వంటింట్లో పోపు వేస్తున్న గంగాభవాని చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఆవాలు చిటపటలాడి, ఎండుమిరపకాయలు మాడి, ఇల్లంతా ఘాటెక్కిపోయింది... అయినా ఆవిడకు దగ్గయినా రాలేదు!

డాక్టరు చదివిన కూతురికి ఎలక్షనేమిటి! పదకొండేళ్ళుగా ఛత్తీస్‌గఢ్‌లో మోవా దాటాక వీళ్ళుండే కాలనీ మొదట్లోనే అమూల్య క్లినిక్. తెలుగువాళ్ళకైనా, ఛత్తీస్‌గఢీ వాళ్ళకైనా ఒంట్లో బాగోకపోతే 'డాక్టర్ దీదీ'యే దిక్కు. అలాంటి పిల్ల వార్డుకి కార్పొరేటరుగా, ఇక్కడి మాటలో పార్షద్‌గా నిలబడి, ఇంటింటికీ తిరిగి ఓట్లడుక్కోవడమా!

"మా ఆయన, మీ అన్నయ్యే దాని పేరు ప్రతిపాదిస్తున్నారు వదినా! కొత్త చొక్కా తొడుక్కుని మరీ ఎల్లారు!" కోటమ్మ మొహం వెలిగిపోతోంది. "ఎందుకే తల్లీ నీకీ గొడవ అంటే ఏటందో తెలుసా? 'గెలిచినా ఓడినా పూర్ణిమ ఎలా పోయిందో వీధివీధినా చెప్తాను అత్తయ్యా' అంది!"

గంగాభవాని పొయ్యి కట్టేసింది. పూర్ణిమ! ఆ పేరు వీధిలోకి వస్తే ఇంకేమైనా ఉందా!

రెండేళ్ళ కిందటి మాట. ఆవిడ కోడలు పూర్ణిమకి ఏడో నెల. వానలు మొదలైన వారానికే పిల్ల కళ్ళు పచ్చబడ్డాయి. అమూల్య ఏదో ట్రైనింగని నాగపూర్ వెళ్ళింది. కొడుకు నాగబాబు రైలింజన్ డ్యూటీలో ఉన్నాడు. 'కామెర్లకు ఇంగ్లీషు మందేమిటి, పసరే మందు' అని పుట్టింట్లో విన్న మాట నమ్మి, గంగాభవాని ఎవరికీ చెప్పకుండా కోడల్ని తిల్దాలో పసరు మందిచ్చేవాడి దగ్గరికి తీసుకెళ్ళింది. పసరు పోయించింది. మూడు రోజులు ఉప్పులేని పథ్యం పెట్టింది. నాలుగో రోజు అమూల్య వచ్చేసరికి పూర్ణిమకి తెలివి లేదు... ఆస్పత్రిలో తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కలేదు!

"ఇంట్లో డాక్టరుండి నా పెళ్ళాం చచ్చిపోయిందే!" అని నాగబాబు అక్క మీద విరుచుకుపడ్డాడు. అమూల్య తల్లి వైపు ఒక్కసారి చూసింది. ఒక్కసారే! "తప్పు నాదేరా తమ్ముడూ" అని తలొంచుకుంది. ఆనాటి నుంచి వాడు అక్కతో మాట్లాడడు. అమూల్య క్లినిక్ మీద గదిలోకి మారిపోయింది. గంగాభవాని మాత్రం... నోరు విప్పలేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే రెండేళ్ళు గడిపేసింది ఆ తల్లి!

ఒంటిగంటకి, ఇంకా అక్కడే కూర్చున్న కోటమ్మ ఫోన్ మోగింది. అవతల ఆవిడ భర్త గురునాథం లబలబలాడుతున్నాడు.

"కొంప మునిగిందే! ప్రతిపాదించేవాడికి ఈ వార్డులో ఓటుండాలంట! జాబితాలో నా పేరు లేదు!"

"ఎలాగుంటాదండీ! ముప్పయ్యేళ్ళుగా రైలెక్కి టెక్కలి ఎల్లి ఓటేసి, మా అమ్మ చేతి చేపల పులుసు తినొస్తన్నారు కదా!"

"అదే మర్సిపోయాను! మూడింటి దాకానే టైం. ఆ పాత పార్షద్‌కి జడిసి ఇక్కడెవడూ సంతకానికి రావడం లేదు. మనోళ్ళలో ఎవరికైనా ఇక్కడ ఓటుందేటో చూడు, జల్దీ!"

ఎవరికుంది? కాలనీలో ఇరవై ఆరు తెలుగిళ్ళు. ఓట్లన్నీ టెక్కలి, పలాస, సోంపేటల్లోనే! ఒక్క ఇల్లు తప్ప. అది గంగాభవానిదే. కాలం చేసిన ఆవిడ భర్త భీమారావు పట్టుబట్టి, "ఏ ఊరి నీళ్ళు తాగుతున్నామో ఆ ఊళ్ళోనే ఓటు" అంటూ పెళ్ళానికీ కూతురికీ కొడుక్కీ ఇక్కడే రాయించాడు. కోటమ్మ ఫోన్ పట్టుకుని గంగాభవాని మొహంలోకి చూసింది.

"నువ్వయినా ఎల్లాలి, నాగబాబయినా ఎల్లాలి వదినా..."

గంగాభవాని కుర్చీలో కూలబడింది. అబద్ధమెందుకు, ఆ క్షణంలో ఆవిడకు వచ్చిన ఆలోచన ఇదీ... తను ఊరుకుంటే చాలు! నామినేషనూ ఉండదు, వీధిలో పూర్ణిమ కథా ఉండదు. ఇంత వయసొచ్చాక కొడుకు కళ్ళల్లో దోషిగా నిలబడే రాత తప్పుతుంది. ఊరుకుంటే చాలు!

అప్పుడే గేటు దగ్గర నుంచి కోటమ్మ కూతురు ప్రియదర్శిని పిలిచింది. పురిటికని పుట్టింటికి వచ్చింది. నిండు పొట్టతో, చేతిలో గ్లాసుతో నిలబడి ఉంది.

"అత్తయ్యా, మీ కుళాయిలో కూడా ఇలాగే వస్తన్నాయా? ఇందాక చూసుకోకుండా సగం తాగేశాను... ఏదో వాసన!"

గంగాభవాని దిగ్గున లేచింది! గ్లాసు లాక్కుని నీళ్ళు పారబోసింది. ఆ వాసన నీళ్ళతోనే కామెర్లని అమూల్య ఎన్నిసార్లు చెప్పిందో! ఆ పిల్ల రెండు చెంపలూ పట్టుకుని, కంటి రెప్పలు కిందికి లాగి చూసింది. తెల్లగానే ఉన్నాయి. దేవుడా, తెల్లగానే ఉన్నాయి!

"నాగబాబూ! లేరా! బండి తియ్యరా!"

డ్యూటీ నుంచి వచ్చి పడుకున్న నాగబాబు కళ్ళు నులుముకుంటూ లేచాడు. సంగతి వినగానే మొహం గంటు పెట్టుకున్నాడు.

"నా పెళ్ళాన్ని చంపిందానికి నువ్వు సంతకం పెడతావా అమ్మా? నాను రాను!"

"చంపింది అది కాదురా... నేను!"

కోటమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గంగాభవాని ఏడుస్తూనే అంతా చెప్పేసింది. తిల్దా, పసరు, ఉప్పులేని అన్నం, మూడు రోజులు... "ఇంగ్లీషు డాక్టర్ దగ్గరికెళ్దాం అత్తయ్యా, భయంగా ఉంది" అని పూర్ణిమ బతిమాలిన మాటతో సహా!

నాగబాబు గోడకు ఆనుకుని అలాగే కిందికి జారిపోయాడు. మోకాళ్ళలో తల పెట్టుకుని హోరున ఏడ్చాడు. గోడ గడియారంలో రెండు కొట్టింది. మెల్లగా లేచి మొహం తుడుచుకున్నాడు. తల్లి వైపు చూడలేదు. మేకుకున్న బండి తాళం తీసుకున్నాడు.

"ఓటరు కార్డు తెచ్చుకో" అన్నాడు.

అంతే! బండి రయ్యిమంది. లారీలు, ఆటోలు, ప్రతి చౌక్‌లో ఎర్రలైటు! "ఒరే, ముందుకి పోరా!" అని నెత్తి మీద కొంగు బిగించుకున్న గంగాభవాని కేకలు! కలెక్టరేట్ మెట్ల మీద గురునాథం కొత్త చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. "అమూల్యా, మీ అమ్మొచ్చేసింది!" అని ఆయన గెంతిన గెంతుకి పోలీసువాడు కూడా తిరిగి చూశాడు!

మూడుకి పన్నెండు నిమిషాలు ఉందనగా గంగాభవాని సంతకం పెట్టింది. గుమాస్తా జాబితాలో పేరు వెతికి పట్టుకుని, "హాఁ అమ్మాజీ, మిల్ గయా!" అనగానే అమూల్య తల్లిని వాటేసుకుంది.

"వాడికి చెప్పేశానే... పసరు సంగతి" అంది తల్లి గుండెల్లోంచి వచ్చిన ఏడుపుతో.

"అమ్మా! ఆ జబ్బుకి నా దగ్గరా సరైన మందు లేదు. మూడు రోజుల ముందొచ్చినా దక్కేదో లేదో తెలీదు. ముందు చంపింది ఆ నీళ్ళమ్మా! మురిక్కాలవలోంచి వచ్చే ఆ పైపు! ఏటా వానల్లో అవే కామెర్లు, నేను రాసేవి అవే చీటీలు. పైపు మార్చమని పాత పార్షద్ దగ్గరికి ఎన్నిసార్లెళ్ళానో! 'దీదీ, ఆప్ లోగోఁ కా వోట్ తో ఆంధ్రా మేఁ హై' అని నవ్వాడు, మీ ఓట్లు ఆంధ్రాలో ఉన్నాయిగా అని. అదిగో, ఆ రోజే అనుకున్నా. చీటీ రాసి లాభం లేదు, ఆ కుర్చీలోనే కూర్చోవాలని!"

నాగబాబు రెండేళ్ళ తర్వాత అక్క కళ్ళల్లోకి చూశాడు. "మరి ఆ రోజు తప్పు నీదని ఎందుకన్నావే?"

"నీకు పెళ్ళాం పోయిందిరా... అమ్మ కూడా పోతే ఎలా బతుకుతావు?"

వాడు "అక్కా" అన్నాడు. ఆ ఒక్కమాట కోసం రెండేళ్ళు కాచుకున్న అమూల్య అక్కడే, అంతమందిలోనే భోరుమంది. గురునాథం కొత్త చొక్కాతోనే కళ్ళు ఒత్తుకున్నాడు. "ఈసారికెలాగూ కుదరదు గానీ, వచ్చే జాబితాలో ఇరవై ఆరిళ్ళ ఓట్లూ ఇక్కడే! నాదీ పూచీ!" అన్నాడు.

నాలుగున్నరకి కాలనీ కుళాయి దగ్గర ఆడవాళ్ళు గుమిగూడారు. తెలుగువాళ్ళు, ఛత్తీస్‌గఢీ వాళ్ళు, అందరూ! "దీదీ, చక్కగా డాక్టరీ చేసుకోక నీకీ ఎలక్షనెందుకు?" అని ఎవరో అడిగారు. అమూల్య చెప్పబోయింది. గంగాభవాని కూతురి చెయ్యి పట్టి ఆపింది.

"నువ్వుండవే. నేను చెప్తాను."

అంతమంది ముందు ఆవిడ ఎన్నడూ నోరెత్తి ఎరగదు. పక్కకు చూసింది. నాగబాబు కుళాయి కింద గాజు గ్లాసు పెట్టి నింపుతున్నాడు. ఆ మురికి నీళ్ళు అందరికీ కనబడేలా గట్టు మీద పెట్టి, వచ్చి తల్లి పక్కనే నిలబడ్డాడు.

"నా కోడలి పేరు పూర్ణిమ" అని మొదలుపెట్టింది గంగాభవాని. "దానికి కామెర్లొస్తే డాక్టరుకి చెప్పకుండా నేనే పసరుకి తీసుకెళ్ళాను..."