రెక్కలు ఎటు వాలాలి

"ఇండికేటర్ వెయ్యలేదు," అంది ఆమె.

మా గ్యారేజీ గేటు దాటి పది అడుగులు కూడా వెళ్లలేదు. బ్రేకు తొక్కితే పెడల్ అదురుతోందంటే, చూద్దామని ఆమె కారు నేను నడుపుతున్నాను. ఆమె పక్క సీట్లో కూర్చుంది.

"రోడ్డు ఖాళీగా ఉందండి."

"ఖాళీ రోడ్డు మీద అలవాటైతేనే రద్దీలో చెయ్యి దానంతటదే వెళ్తుంది. నా దగ్గర నేర్చుకునేవాళ్లకి మొదటిరోజే చెప్తాను."

డ్రైవింగ్ స్కూల్లో టీచర్ అని అలా తెలిసింది. కొండ మలుపులు దిగినంతసేపూ ఆమె కుడికాలు లేని బ్రేకును నొక్కుతూనే ఉంది. పదేళ్లుగా బండ్లు విప్పి బిగిస్తున్నవాణ్ణి, నాకు స్టీరింగ్ పట్టుకోవడం రాదన్నట్టు చూస్తుంటే ఒళ్లు మండింది. తిరిగి పైకి వచ్చేసరికి ఆ మంట ఇంకోలా మారిపోయింది. ఎలాగని అడగొద్దు, నాకూ తెలియదు.

గ్యారేజీ మా పిన్నిది. చక్రం చేత్తో ఒక్కసారి తిప్పి జబ్బేమిటో చెప్పేసింది.

"బ్రేకు డిస్కులు వేడికి వంకరపోయాయి టీచరమ్మా. రోజూ కొండ దిగే బండికి, లోపల వంపు రెక్కలున్న డిస్కులు వేయించు. అవి తిరుగుతూ గాలి లాగి వేడిని బయటికి తోసేస్తాయి. కాకపోతే ఎడమవైపుది వేరు, కుడివైపుది వేరు."

అవి రావడానికి వారం పట్టింది. ఆ వారంలో నేను వాళ్లింటికి మూడుసార్లు వెళ్లాను. మొదటిరోజు ఆమె మా గ్యారేజీలో మర్చిపోయిన గొడుగు ఇవ్వడానికి వెళ్లి, కారు హారన్ చూస్తానని స్క్రూడ్రైవర్ అక్కడే వదిలాను. స్క్రూడ్రైవర్ కోసం వెళ్లి టార్చిలైటు వదిలాను. టార్చి కోసం వెళ్లినప్పుడు వాళ్లమ్మగారు తలుపు తీసి, "ఈసారి ఏం వదిలి వెళ్తావు బాబూ," అని అడిగారు. వెనక నిలబడి ఆమె నవ్వు ఆపుకుంటోంది.

డిస్కులు వచ్చిన రోజు పొద్దున్నే ఆమె కారు తెచ్చి, నా పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంది. నా కళ్లు పని వైపు కంటే ఆ స్టూలు వైపే ఎక్కువ పోయాయి. రెండు కొత్త డిస్కులూ బయటికి తీసి ఒకే గుడ్డ మీద పెట్టి, ఏ వైపుదో రాసి ఉన్న పెట్టెలను మూలకి విసిరేశాను. డిస్కుల మొహం మీద ఏటవాలు గీతలు మెరుస్తున్నాయి. ఆ గీతలు ముందుకు దూకుతున్నట్టు కనిపించేలా అటొకటి, ఇటొకటి పెట్టాను.

ఆమె ఫోను లైటు వేసి, డిస్కు అంచు సందులోకి వేలు చూపించింది.

"లోపల రెక్కలు బండి ముందుకి వాలాయేంటండి? గాలిని బయటికి తోయాలంటే వెనక్కి వాలాలి కదా?"

"పైన గీతలు చూడాలండి. లోపలివి ఎటుంటే ఏంటి?"

"మీరు చెప్తే సరే."

ఆ ఒక్క మాటకే పొంగిపోయాను. చక్రం ఎక్కించేముందు ఫొటో తియ్యాలని పిన్ని పెట్టిన రూలు. తీశాను. ఆమె వేలు ఇంకా సందు దగ్గరే ఉంది, అందులో డిస్కుకంటే ఆమే ఎక్కువ పడింది. అది మాత్రం రూల్లో లేదు.

"మూడింటికి అమ్మని కిందికి తీసుకెళ్తున్నాను. రేపు పొద్దున్నే కంటి ఆపరేషన్," అని చెప్పి మధ్యాహ్నం కారు తీసుకెళ్లింది. కింద ఆసుపత్రికి నలభై కిలోమీటర్లు, అంతా దిగుడే.

ఆమె వెళ్లాక నాకు నిలవబుద్ధి కాలేదు. బిగించిన నట్టే విప్పి మళ్లీ బిగించాను. తుడిచిన బల్లే మళ్లీ తుడిచాను.

"కాలుగాలిన పిల్లిలా ఏంట్రా ఆ తిరుగుడు," అంది పిన్ని.

"ఏం లేదు," అంటూ మూలకి వెళ్లి ఫోన్లో ఆ ఫొటో తెరిచాను. ఆమె ముక్కు మీద చిన్న గ్రీజు మరక. దాన్ని పెద్దది చేసి చూశాను. తర్వాత చెయ్యి చూశాను, చివరికి వేలు చూశాను. ఆ వేలు చూపిస్తున్న సందులో రెక్కలు స్పష్టంగా ముందుకు వాలి ఉన్నాయి.

మూలనున్న పెట్టెలు తెచ్చి చూశాను. ఎడమది కుడికి, కుడిది ఎడమకి బిగించాను. చక్రం ముందుకు తిరిగేటప్పుడు రెక్కలు వెనక్కి వాలి ఉంటేనే గాలిని మధ్యలోంచి లాగి బయటికి విసురుతాయి. పైన గీతలు ఎటున్నా ఫరవాలేదు. ఊళ్లో తిరిగితే తేడా తెలియదు. నలభై కిలోమీటర్ల దిగుడులో మాత్రం డిస్కులు కాలిపోతూ ఉంటాయి, ఏదో మలుపులో ఎంత తొక్కినా బండి త్వరగా ఆగదు.

ఫోను చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. టైము రెండున్నర.

ఏమీ కాకపోవచ్చులే అని మనసులో ఒక పిరికి మాట మెదిలింది. చెప్తే ఇక ఆమె ముందు నా మొహం ఏమవుతుంది? ఆమె అడిగింది, నేనే కొట్టిపారేశాను.

పిన్ని ఫొటో చూసింది, నన్ను చూసింది. జాకీ తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టింది.

"మన పద్ధతి తెలుసు కదా. తప్పు చేసినవాడే వెళ్లి, వాళ్ల గుమ్మంలో నిలబడి చెప్పాలి. పోయేది నీ పరువే అయితే పోనీ."

జాకీ, పనిముట్లు స్కూటర్ మీద వేసుకుని బయల్దేరితే, సగం దారిలో వాన అందుకుంది. నేను వెళ్లేసరికి కారు గేటులోంచి బయటికి వస్తోంది. స్కూటర్ అడ్డంగా పెట్టాను. ఆమె అద్దం కాస్త దించింది.

"ఈసారి ఏం మర్చిపోయారు?"

"కారు ఆపండి. డిస్కులు తారుమారుగా బిగించాను."

"గొడుగు, స్క్రూడ్రైవర్, టార్చి అయిపోయాయి. ఇప్పుడు ఏకంగా డిస్కులా? సాకు బాగుంది కానీ ఇవాళ టైము లేదండి."

"సాకు కాదండి."

"టార్చికీ అదే అన్నారు. తప్పుకోండి, అమ్మకి లేటవుతోంది."

చేసుకున్నవాడికి చేసుకున్నంత. ఆమె గేరు వేసింది. నేను బానెట్ మీద రెండు చేతులూ పెట్టి నిలబడ్డాను. వాన చప్పుడుకి గొంతు పెంచక తప్పలేదు.

"ఆ మూడుసార్లూ సాకే. గొడుగు కోసం రాలేదు, మిమ్మల్ని చూడ్డానికి వచ్చాను. మీరంటే నాకిష్టం. కానీ ఇవాళ వచ్చింది మాత్రం బ్రేకుల కోసమే. పొద్దున మీరు అడిగిందే నిజం, రెక్కలు వెనక్కే వాలాలి. నేను మిమ్మల్ని చూస్తూ పనిని చూడలేదు. మళ్లీ నా మొహం చూడకపోయినా సరే, ఈ బండితో కొండ దిగొద్దు."

ఇంజిన్ ఆగింది. పక్క సీట్లోంచి వాళ్లమ్మగారు తల తిప్పారు.

"నాకు కళ్లే బాబూ సరిగా లేనిది. చెవులు బాగానే ఉన్నాయి."

పోర్టికోలో కారు పెట్టించి పని మొదలుపెట్టాను. ఆమె లైటు పట్టుకుంది. డిస్కును నొక్కిపట్టే కాలిపర్ విప్పి, వైరుతో పైకి కట్టి, ఎడమనున్న డిస్కు కుడికి, కుడినున్నది ఎడమకి మార్చాను. బిగించే ముందు ప్రతిసారీ ఆమె సందులోకి చూసింది.

"వెనక్కి వాలాయి."

"గీతలు ఇప్పుడు వెనక్కి పోతున్నట్టున్నాయి. చూడ్డానికి బాలేదు," అన్నాను.

"చూడ్డానికి పెట్టారా?"

వానలో నడిరోడ్డు మీద నేను అరిచి చెప్పిన మాట ఊసే ఆమె ఎత్తలేదు. పెడల్ గట్టిపడేదాకా తొక్కించి, వీధి చివరిదాకా నాలుగుసార్లు మెల్లగా బ్రేకు వేయించాను. వంద కిలోమీటర్లు తిరిగాక నట్లు ఓసారి చూపించుకోమన్నాను. నాలుగున్నరకి వాళ్లు బయల్దేరారు. వీధి ఖాళీగా ఉంది, అయినా ఇండికేటర్ వేసింది.

సాయంత్రం మెసేజ్ వచ్చింది. "చేరాం. డిస్కులు మామూలుగానే ఉన్నాయి." అంతే. దాన్ని ఎన్నిసార్లు చదివినా అందులో ఇంకో మాట పుట్టలేదు. రెండు రోజులు అన్నం సయించలేదు. ఒక కస్టమర్‌కి కారు తాళాలకి బదులు నా స్కూటర్ తాళాలు ఇచ్చి పంపాను.

మూడోరోజు మధ్యాహ్నం ఆమె వచ్చింది. ఆపరేషన్ బాగా జరిగిందని పిన్నికి చెప్పింది.

"నట్లు చూడమన్నారు కదా," అంది నాతో.

చూశాను. అన్నీ బిగువుగానే ఉన్నాయి.

"అయితే వస్తానండి."

అంతేనా? గేటు దాకా కారు వెంటే నడిచాను. కారు గేటు దాటాక వెనక్కి తిరిగితే, స్టూలు మీద ఆమె గొడుగు. పొడిగా, చక్కగా మడిచి ఉంది. బయట ఆకాశంలో మబ్బు తునక లేదు.

ఫోను చేశాను. చాలాసేపు మోగింది. ఎత్తాక మొదట వినిపించింది ఇండికేటర్ టిక్కుటిక్కుమనడం. ఎక్కడో పక్కకి తీసి ఆపినట్టుంది.

"గొడుగు మర్చిపోయారండి."

"మర్చిపోలేదు," అంది ఆమె. "సాయంత్రం మీరే తెచ్చివ్వండి. స్క్రూడ్రైవర్ మాత్రం తేవద్దు. ఇక సాకులు అక్కర్లేదని అమ్మ చెప్పమంది."