బండి మీద మిరపకాయలు

మార్చి పద్దెనిమిది. ఆ రోజు బడిలో అన్నం, పప్పు, ఉడకబెట్టిన గుడ్డు పెట్టారు. దీప పప్పన్నం తిని, గుడ్డును మాత్రం నోట్‌బుక్ కాగితంలో చుట్టుకుని ఇంటికి పరుగెత్తింది. ఒంటిపూట బడి కదా, మధ్యాహ్నం కాగానే వదిలేశారు.

గుడ్డు జ్యోత్స్నక్క కోసం.

జ్యోత్స్నక్క, ఆమె భర్త మిథునన్న నెల్లికుదురు దగ్గరి ఈ తండాకు వచ్చి వారమైంది. వాళ్లకు ఇల్లూ బండీ ఒకటే. పొడవాటి తెల్ల వ్యాను లోపలే మంచం, పొయ్యి, చిన్న ఫ్రిజ్, కిటికీ పక్కన అక్క పని చేసుకునే బల్ల. ఆమెది జనగామ. దవాఖానలకు కావలసిన కంప్యూటర్ ప్రోగ్రాములు రాస్తుంది. భూపాలపల్లి అడవి పక్కన ఒక నెల, మహదేవపూర్‌లో గోదావరిని చూస్తూ ఇంకో నెల అలాగే పని చేసుకున్నారట. ఇక్కడ దీప వాళ్ల అవ్వ రామి తన ఇంటి ముందు చోటిచ్చింది. వేపచెట్టు కింద ఆపుకొమ్మంటే, అన్న వద్దని ఎండలోనే ఆపాడు. ఎందుకో దీపకు అర్థం కాలేదు.

ఆ బండి అంటే దీపకు ఎంత ఇష్టమో! పని అయిపోగానే అక్క చెప్పులేసుకుని వాగు దాకా నడిచి వచ్చేది. అన్న బయట స్టూలేసుకుని, అవ్వ దగ్గర నేర్చుకున్న జొన్నరొట్టె కొట్టేవాడు. అది ఒక్కరోజు కూడా గుండ్రంగా రాలేదు. అయినా అక్క ఇష్టంగా తినేది. ఆఫీసు పని చేస్తూ ఇంత హాయిగా బతకొచ్చని దీపకు అంతకు ముందు తెలియదు.

కానీ ఇవాళ బండిలో ఫ్యాను తిరగడం లేదు. అన్న నేల మీద పడుకుని సీటు కింద వైర్లు లాగి చూస్తున్నాడు.

"అక్కా, గుడ్డు తెచ్చిన!"

"జర ఆగు బిడ్డా. ఇంజనుది కాదు, లోపలి ఫ్యాను, లైట్ల బ్యాటరీ ఖాళీ అయింది. మూడింటికి మీటింగున్నది."

"మా ఇంట్ల పెట్టుకో అక్కా!"

"మీ ఇంట్ల కరెంటేది? లైన్ రిపేరంట, సాయంత్రం దాకా రాదంట." అక్క చెమట తుడుచుకుంది. "నిన్న మబ్బులకు మీటింగు సగంలనే ఆగింది. ఇంకోసారి గిట్లయితే హైదరాబాద్ ఆఫీసుకే వచ్చి కూర్చో అన్నడు మా సారు. గింతే ఇగ, బండి బతుకు బంద్."

దీప బండిలోకి తొంగి చూసింది.

అన్న లేచాడు. "వైర్లన్నీ మంచిగనే ఉన్నయి. మానుకోటల మెకానిక్‌కు చూపియ్యాలె. ఎండ గింత కొడుతుంటే మీది పలకలకు ఏం రోగమొచ్చిందో!"

"ఏం పలకలన్నా?"

"బండి మీద నల్లటి అద్దాలు లేవా? వాటి మీద ఎండ పడితెనే మాకు కరెంటు."

దీప చేతిలో గుడ్డు నలిగింది.

పొద్దున అవ్వ ఆరబోసిన మిరపకాయల్ని కోళ్లు కెలికేశాయి. "గీ కోళ్లతోని పరేషానైతున్న" అని అవ్వ ఒకటే గొణుగుడు. అవ్వ లోపలికి పోగానే దీప బండి వెనక నిచ్చెన ఎక్కి చూసింది. పైన నల్లగా, నున్నగా, కోళ్లు రాని చోటు! అక్కావాళ్లు వాగు వైపు నడకకు పోయారు. వాళ్లు వచ్చేలోపు నాలుగు గంపలు మోసి, కాయల్ని పలకల నిండా పరిచేసి బడికి పోయింది. ఎవరినీ అడగలేదు. అవ్వ మెచ్చుకుంటుందనే తొందర.

ఇప్పుడు చప్పుడు చేయకుండా ఎక్కి తీసేస్తే? ఎవరికీ తెలియదు. దీప మెల్లగా బండి వెనక్కి నడిచింది. నిచ్చెన మీద కాలు పెట్టింది. అంతలో అన్న మానుకోటకు పోదామని తాళంచెవి తిప్పాడు. బండి గుర్రుమంది.

"అన్నా, ఆగు!" దీప ముందుకు పరుగెత్తింది. "మీద మిరపకాయలున్నయి. నేనే పోసిన."

అన్న దిగి నిచ్చెన ఎక్కాడు.

"జ్యోత్స్నా! మన కరెంటు ఎర్రగ ఎండుతున్నదే!"

అవ్వ చీపురుతో బయటికొచ్చింది. "ఓ పిల్లా! కాయలు ఎవలో ఎత్తుకపోయిన్రని పొద్దుగాల్నుంచి తండా మొత్తం తిడుతున్న గదనే!"

అక్క ఫక్కున నవ్వింది. తర్వాత నలుగురూ గంపలందుకున్నారు. ఘాటుకు ఒకరి తర్వాత ఒకరు తుమ్మారు. దీప తడిగుడ్డతో ఒక్కో పలకనూ తుడిచింది. కాసేపటికి లోపల కరెంటు వచ్చినట్టు పచ్చలైటు వెలిగింది.

మూడింటికి అక్క గొంతు కిటికీలోంచి వినిపించింది. మధ్యలో రెండు తుమ్ములు. మీటింగు మాత్రం ఆగలేదు.

అయ్యాక అక్క బయటికొచ్చి, నలిగిన గుడ్డులో సగం దీప నోట్లో పెట్టింది.

"కోపమొచ్చిందా అక్కా?"

"వచ్చింది. నువ్వు చెప్పినంక పోయింది. పొద్దున నన్నొక్క మాట అడిగితే, ఆ పలకలేందో నేనే చూపిస్తుంటి గదనే."

చీకటి పడింది. మిరపకాయలు అవ్వ పాత చీర కింద భద్రంగా ఉన్నాయి. బండిలో అక్క చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మళ్లీ పనిలో ఉంది. తెరిచిన తలుపులోంచి పురుగులు లైటు చుట్టూ మూగుతున్నాయి.

బయట నిలబడ్డ దీప చెయ్యి తలుపు మీదికి పోయింది. అక్కడే ఆగింది.

'వెయ్యనా?' అని సైగ చేసింది.

అక్క నవ్వి తలూపింది.

దీప చప్పుడు కాకుండా, మెల్లగా ఆ తలుపు మూసింది.